అవాస్ట్ అని అరిచే గొంతు

సింహాద్రి గారు ఇక లేరన్న కబురు సోమవారం పొద్దున ఫిల్మ్ నగర్‌లోని మా ఆఫీసుకు ఫోన్‌లో వచ్చింది. రిసీవర్ పెట్టేశాక నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. ఆ మాట దాచిపెట్టి ఆయనకు నివాళి రాయడం అపచారమవుతుంది.

ఆయన కాకినాడ జగన్నాథపురం మనిషి. యౌవనంలో రేవులో కళాసీగా ఓడల మీద తాళ్లు లాగి, తరవాత సినిమా సెట్లలో బరువులు ఎత్తించే మేస్త్రీ అయ్యారు. రేవు నుంచి వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక్క మాట: అవాస్ట్. అది వినబడితే తాడు పట్టినవాళ్లంతా పట్టు బిగించి కదలకుండా నిలిచిపోవాలి. కారణం తరవాత. నేను కళాదర్శకుడి దగ్గర సహాయకుడిగా చేరిన మొదటిరోజే వడ్రంగి యాదయ్య ఈ నియమం చెప్పాడు: "గాయిన అవాస్ట్ అన్నడంటే, ముక్కు మీద ఈగ వాలినా తాడు ఇడువొద్దు సార్."

చదువుకున్నవాణ్నన్న అహంకారంతో నిఘంటువులు తిరగేశాను. అది ఓడవాళ్ల ఇంగ్లీషు మాట, 'ఆపు' అని అర్థం. 'గట్టిగా పట్టుకో' అనే డచ్చి నావికుల మాట నోళ్లలో నలిగి అలా అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కాదు, 'చాలు' అనే పోర్చుగీసు మాటే దానికి మూలమని కొందరి వాదం. డచ్చివాళ్లు ఒకప్పుడు జగన్నాథపురంలోనే వర్తకం చేశారు గనక అది మీ ఊరికి నేరుగా వచ్చిందేమోనండీ అని ఉత్సాహపడ్డాను. ఆయన చుట్ట ఆర్పి శ్రద్ధగా విన్నారు. "ఎవరు తెచ్చినా, సమయానికి అరిస్తేనేనండి బాబూ దానికి అర్థం" అన్నారు. రేవులో ఎవరో ఒక్క క్షణం ఆలస్యంగా అరిచినందుకు ఆయన తోడల్లుడు ఓడ అడుక్కి పడి చనిపోయాడని నాకు ఆ రోజే తెలిసింది.

పదేళ్ల కిందటి సంగతి. జూబ్లీ హిల్స్ బంగళాలాంటి సెట్టు వేశాం. పాటలో నాయిక సోఫాలో కూర్చుని ఉంటే, పైనుంచి పెద్ద షాండ్లియర్ మెల్లగా దిగాలి. నలుగురు తాడు పట్టారు. సింహాద్రి గారు నాకు ఎదురుగా నిలబడ్డారు. పొద్దున సోఫా మీద పీచు రాలి ఉంటే దుమ్మనుకుని నేనే తుడిచేశాను. టేకు మొదలైంది. టేకులో దగ్గడం కూడా నేరం. నాయిక భుజం మీద మళ్లీ పీచు రాలింది. పైన తాడు తిరిగే కప్పీ దగ్గర పురులు తెగుతున్నాయని నాకు అర్థమైంది. అయినా నోరు తెరవలేదు. టేకు పాడవుతుందని, తిడతారని భయం.

"అవాస్ట్."

షాండ్లియర్ గాల్లో ఆగిపోయింది. దర్శకుడు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. నాయికను పక్కకు తప్పించి, మరో తాడు వేసి దించి చూస్తే, పాత తాడు మూడు పురుల్లో ఒక్కటే మిగిలింది. పైకి చూడకుండానే ఎలా తెలిసిందని సింహాద్రి గారిని అడిగాను.

"తాడు చూళ్లేదండి. మీ మొహం చూశాను" అన్నారు నెమ్మదిగా. "భయం మీకు ముందే వచ్చేసిందండి బాబూ, నోరే వెనకబడింది."

నేను చూసి కూడా అరవలేదన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను. ఇప్పుడు నేనూ కళాదర్శకుణ్ని. ఈ పదేళ్లలో ప్రతి బరువూ లేచేటప్పుడు నేను పైకి చూశాను, ఆయన నా మొహం చూశారు. ఆ ధీమాతోనే బతికాను.

నిన్న ఫిల్మ్ నగర్ కొండవాలులోని ఆయన ఇంటి మెట్ల మీదుగా పాడె దించుతున్నారు. మోసేది సెట్టు పనివాళ్లే. తలవైపు ముడి జారడం కనబడింది. ఆ పాత భయమే మళ్లీ వచ్చింది. అలవాటుగా ఆయన కోసం చుట్టూ చూశాను. ఆయన పాడె మీద ఉన్నారు.

"అవాస్ట్" అన్నాను.

నలుగురూ ఆగిపోయారు. బంధువులు వింతగా చూశారు. యాదయ్య మాత్రం ముందు పట్టు బిగించి, ఆ తరవాతే నా వైపు తిరిగాడు. ముడి మళ్లీ కట్టాను. సింహాద్రి గారు పడలేదు.

ఎల్లుండి స్టూడియో ఫ్లోర్‌లో మళ్లీ బరువు లేస్తుంది. ఆ మహానుభావుడి లోటు ఎవరు తీర్చగలరు? ఎదురుగా నిలబడి నా మొహం చూసే మనిషి లేడు. గురువుగారూ, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. భయం ఇప్పటికే వచ్చేసింది, నోరు వెనకబడకుండా చూసుకుంటాను.