గోలు ఇచ్చారా, అమ్మాయీ?

ఆ ఇంట్లో ఫుట్‌బాల్ పిచ్చి లేనిది కోడలికొక్కర్తికే. అందుకే మ్యాచ్ చూసి చెప్పే పని ఆమె మీద పడింది.

మామగారు కార్ఖానాలో లేత్ మిషన్ మీద ఇనుము చెక్కి సంసారాన్ని లాక్కొచ్చిన మనిషి. షుగరు వల్ల చూపు పోయాక పని మానేశారు గానీ ఎర్రజట్టును మానలేదు. టీవీలో వ్యాఖ్యానం ఆయనకు రాని భాషలో వస్తుంది. మొదట్లో కొడుకు చెప్పేవాడు. ఎర్రజట్టు మీద ప్రేమకొద్దీ అతనికి ప్రతిదీ అన్యాయంగానే కనిపించేది. కోడలి తమ్ముడిది నీలంజట్టు, వాడి మాట అసలే పనికిరాదు.

"నీకు ఏ జట్టూ లేదు. నీకు కనిపించింది చెప్పమ్మా, చాలు," అన్నారాయన ఒకనాడు. అప్పటినుంచి ఆమె మంచం పక్కన పీట వేసుకుని, బంతి ఎవరి దగ్గరుందో చెబుతూ వస్తోంది.

పడ్డ గోలును కూడా వీడియో చూసి రద్దు చేసే వీడియో రిఫరీలు వచ్చాక కొత్త చిక్కొచ్చింది. గోలు పడగానే మామగారు చప్పట్లు కొట్టబోయి, చేతులు గాల్లోనే ఆపేసేవారు. "గోలు ఇచ్చారా, అమ్మాయీ?" ఆమె ఇచ్చారన్నాకే చప్పట్లు.

ఆయన చూపు పోయాక ఎర్రజట్టు మొదటిసారి ఫైనల్‌కొచ్చింది. ఆ సాయంత్రం, ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా ఎర్రజట్టు గోలు కొట్టింది. ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప లేవని మనిషి, గోడ ఆసరాతో తానే లేచి నిలబడ్డారు. కొడుకు ఈల వేశాడు. అంతలో మైదానంలోని రిఫరీ, వీడియో రిఫరీల మాట వినడానికి చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆఫ్‌సైడే! మీవాడి భుజం అవతలివాళ్ళ కన్నా ముందుంది," అన్నాడు తమ్ముడు.

"భుజం కాదురా, చెయ్యి. చేత్తో గోలు కొడతార్రా ఎక్కడైనా? అది లెక్కలోకి రాదు," అన్నాడు భర్త.

"చంక దాకా భుజమే బావా. రూలు చదువుకో."

"అదే మీవాడిదైతే మెడ దగ్గర్నుంచే చెయ్యంటావు!"

తెర మీద గీతలు గీశారు. రిఫరీ గోలు లేదన్నాడు. స్టేడియం హోరెత్తింది. ఎవరి హోరో మామగారికి తెలియలేదు.

"ఇచ్చారా, అమ్మాయీ?"

ఇచ్చారని చెప్పమన్నట్టు భర్త గబగబా తల ఊపాడు. తమ్ముడు నిలబడ్డ పెద్దాయన కేసి చూసి, చెప్పెయ్యమన్నట్టు తనూ చెయ్యి తిప్పాడు. వాళ్ళిద్దరూ ఒక మాట మీదకు రావడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఇచ్చారంటే ఆయన చప్పట్లు కొడతారు. కానీ ఆ తర్వాత ఎప్పుడు ఇచ్చారన్నా, ఆ మాట మీద ఆమెకే నమ్మకం ఉండదు.

"లేదు మామయ్యా. రద్దు చేశారు."

భర్త చూపుతోనే కొరికేశాడు. మామగారు గోడ తడుముకుంటూ మంచం మీద కూలబడ్డారు.

"ఎంత ముందుంది?"

"గోరంత."

"గోరంతా? మూరెడు ముందుంటే నోరు మూసుకుంటాను. గోరంతకి గోలు పీకేస్తారా, దరిద్రులు!" ఆయన గొంతు వీధిలోకి వినబడింది.

"గోరంతైనా ముందు ముందే కదా మామయ్యా," అన్నాడు తమ్ముడు.

"నువ్వు నోర్ముయ్యరా, నీలం వెధవా! ఇంతకీ ఏ భుజం?"

"కుడి," అన్నాడు తమ్ముడు.

"ఎడమ," అన్నాడు భర్త.

ఇద్దరూ ఇప్పుడే కళ్ళారా చూసినవాళ్ళు. అయినా మామగారితోపాటు వాళ్ళూ ఆమె వైపే తిరిగారు.

"ఎడమే," అంది, భర్త వంక చూడకుండా.