మూడు మడతల నందివర్ధనం

గుంటూరు మిర్చి యార్డులో నా ట్రాలీ ఆటో తుమ్మిందంటే ఒంగోలులో ఎద్దులు తాళ్ళు తెంపుకుంటాయి. అంత ఘాటు సరుకు మోస్తాను. మీరు నమ్మినా నమ్మకపోయినా రాజరాజేశ్వరి టీచరుగారు మాత్రం నన్ను ఏనాడూ నమ్మలేదు. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేస్తూ చెప్పిన కథంతా ఓపిగ్గా విని, "ఒరేయ్ సాయిగణేష్, ఇందులో నిజమెంత?" అని ఒక్క మాట అడిగారు. ఇన్నేళ్ళయినా ఆ అలవాటు ఆవిడకు పోలేదు. నా అలవాటూ పోలేదనుకోండి.

ఆవిడ రిటైరయ్యాక బ్రాడీపేటలో ఓ డాబా మీది గదుల్లో అద్దెకుంటున్నారు. భర్త గురునాథంగారు పురోహితులు. నీటికాసుల జబ్బు ఆయన చూపు తినేసింది. ఇప్పుడు వెలుగుకీ చీకటికీ తేడా తెలుస్తుంది, అంతే. మంత్రాలన్నీ నోటికొచ్చు, పిలిచేవాళ్ళూ ఉన్నారు. ఆయనే వెళ్ళడం మానేశారు. ఇంట్లో పూజకు పువ్వులు కోయడం కూడా మానేశారు.

"మొగ్గేదో పువ్వేదో తెలియకుండా తుంచితే అది పూజెలా అవుతుందే? చెట్టుకి అపచారం," అని గదిలోనే కూర్చున్నారు. ఎనిమిది నెలలు గడప దాటలేదు.

ఆయన మళ్ళీ బయటికొచ్చి తన పువ్వులు తనే కోసుకోవాలి. టీచరుగారి కోరికల్లా అదే. ఒకరోజు నాకు ఫోన్ చేసి, యార్డులో మిర్చి పోసిన పాత గోనెసంచులు కావాలన్నారు. గోనెను చదరంగా కత్తిరించి, సిమెంటు జావలో ముంచి, బోర్లించిన బకెట్ మీద పరిస్తే, ఎండాక కుచ్చిళ్ళతో సహా బిగుసుకుపోయి కుండీ అవుతుందట.

"అంత అవస్థ ఎందుకండీ? నర్సరీ నుంచి ఆటో నిండా కుండీలు తెచ్చి పడేస్తాను."

"కొన్నవన్నీ ఒక్క పోలికగా ఉంటాయిరా. నాకు దేనికది వేరుగా ఉండాలి. ఆ సంచులు ఉతికి మరీ తీసుకురా."

"ఉతకడమా! సాగర్ కాలువ ఎర్రబడేదాకా బాదుకొస్తాను చూడండి."

నిజం చెబుతున్నాను. యార్డు కుళాయి కింద ఒక్కసారి ముంచి, ఆటో మీద ఆరేసి, పట్టుకెళ్ళాను.

టీచరుగారు ఎలా నచ్చజెప్పారో, ఆ రోజు గురునాథంగారు డాబా మీదికొచ్చి పీట మీద కూర్చున్నారు. "నేత వదులుగా ఉన్నవి ఏరిపెట్టండి. ఈ పని నా కళ్ళకంటే మీ వేళ్ళే బాగా చేస్తాయి," అన్నారావిడ. ఆయన ఒక్కో సంచీ తడిమి చూసి, ఇది గట్టి నేత, ఇది జల్లెడ, అంటూ వేరు చేస్తున్నారు. "ఏరా, ఇవాళ నీ ఆటో తుమ్మలేదా?" అని నన్ను ఏడిపించారు కూడా. టీచరుగారి మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

ఎండకు చెమట పట్టింది. ఆయన చేత్తో కళ్ళు తుడుచుకున్నారు.

ఇక్కడ నేను కోతలు కొయ్యలేను. ఆయన అరవలేదు. రెండు చేతులూ గాల్లో పెట్టి అలాగే ఉండిపోయారు. టీచరుగారు చెంబు మీద చెంబు నీళ్ళు కళ్ళల్లో పోశారు. పోస్తూనే నావైపు చూడకుండా అడిగారు.

"ఉతికావా?"

"ఒక్కసారి ముంచానండి."

ఆవిడ అడిగిన ప్రశ్నకు నేను సూటిగా జవాబివ్వడం బహుశా అదే మొదలు. గురునాథంగారు గోడ పట్టుకుని లేచారు. "చూపు పోయినా మంట ఎక్కడికీ పోలేదే," అని లోపలికెళ్ళి తలుపేసుకున్నారు.

ఆ సంచులు మా ఇంటికి తెచ్చి నాలుగు రోజులు ఉతికాను. రోజూ ఉతకడం, ఆరేయడం, మళ్ళీ ఉతకడం. నాలుగో రోజు తడి గోనె నా కళ్ళకే రుద్దుకుని చూశాను. మండలేదు. అప్పుడు తీసుకెళ్ళాను.

టీచరుగారు వెంటనే పని మొదలుపెట్టారు. తడి గోనెను బకెట్ మీద పరిచి, బట్టల క్లిప్పులతో మడతలు పట్టారు. ఒకదానికి మూడు, ఒకదానికి అయిదు, ఇంకోదానికి తొమ్మిది. మిగతా చోట నున్నగా చేత్తో అదిమారు. ఎందుకండీ ఈ లెక్క అంటే చెప్పలేదు. బిగిశాక అడుగున బెజ్జం కొట్టించి, సిమెంటు ఘాటు పోయేదాకా రెండు వారాలు నీళ్ళు మార్చి మార్చి నానబెట్టించారు. పసుపు, ఎరుపు, చిలకపచ్చ రంగులు వేశారు. ఆయనకు కనపడవు కదండీ అంటే, "నాకు కనపడతాయి కదరా," అన్నారు.

మొక్కలు నాటి నాలుగు రోజులయ్యాక, ఓ ఉదయం, నేనక్కడ ఉండగానే, టీచరుగారు ఆయన గది తలుపు దగ్గర నిలబడి చెప్పారు. "ఏమండీ, మూడు మడతలది నందివర్ధనం. అయిదు మందారం. తొమ్మిది గన్నేరు. నాకు పొయ్యి మీద పాలున్నాయి." అలా అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. పొయ్యి అసలు వెలిగించనే లేదు. టీచరుగారు అబద్ధం చెప్పగా వినడం నాకదే మొదటిసారి.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆయన పూలసజ్జ పట్టుకుని గోడ వెంట నడిచొచ్చి, వంగి, మొదటి కుండీ అంచు పట్టుకున్నారు. జపానికి వేలి గణుపులు లెక్కపెట్టే బొటనవేలు మడతల మీద నడిచింది. ఒకటి, రెండు, మూడు. చెయ్యి కొమ్మ వెంట పైకి వెళ్ళింది. బిగుతుగా ఉన్న మొగ్గ తగిలితే వదిలేసింది. విచ్చుకున్న పువ్వు దగ్గర ఆగి, తుంచింది.

పువ్వుకంటే ముందు తన వేళ్ళు వాసన చూసుకున్నారాయన.

"ఏరా సాయిగణేష్, ఉన్నావా? ఉతికావా?"

"ఉతికానండి."

"ఈసారి నిజమేలెండి," అంది వంటింట్లోంచి టీచరుగారి గొంతు.

ఆయన పువ్వు సజ్జలో వేసి, రెండో కుండీ కోసం చెయ్యి చాచారు.