అమ్మమ్మ నాలుకలో మూడో వంతు

అమ్మమ్మ టైలరు. గుడ్డ మడిచేటప్పుడు గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని, వాటి సందులోంచే తాతయ్యను ధారాళంగా తిట్టేది. అందుకే తొలిచూలు మూడో నెలలో నాలుక అంచున పుండు లేస్తే, సూది గుచ్చుకుని ఉంటుందిలే అనుకుని ఉప్పునీళ్లు పుక్కిలించింది. రెండు నెలలైనా అది మానలేదు. తాతయ్య ఆస్పత్రికి లాక్కెళ్తే, చిన్న ముక్క తీసి పరీక్షించి క్యాన్సర్ అన్నారు.

“కాన్పయ్యాక కోయించుకుంటా డాక్టరమ్మా. లోపల పిల్లకేమైనా అయితే?” అంది అమ్మమ్మ.

“అప్పటిదాకా అది ఊరుకోదు తల్లీ, మెడలోకి పాకుతుంది. ఇప్పుడు ఐదో నెల. మత్తిచ్చినా బిడ్డ మామూలుగా తట్టుకుంటుంది, మేమూ కనిపెట్టుకునే ఉంటాం. నాలుకలో మాత్రం మూడో వంతు పోతుంది.”

తాతయ్య కళ్లు తుడుచుకుంటూ, “మిగతా రెండు వంతులూ నాకు చాలవూ?” అన్నాడు.

“నోరు మూసుకోండి,” అని అమ్మమ్మ సంతకం పెట్టేసింది.

మెలకువ రాగానే ఆవిడ చెయ్యి కడుపు మీదికే పోయింది. నోరు పెగల్లేదు. నర్సు అక్కడ చిన్న యంత్రం ఆనించి లోపలి గుండె చప్పుడు వినిపిస్తే, నిశ్చింతగా మళ్లీ నిద్రపోయింది. పది రోజులు ముక్కులో గొట్టంతోనే తిండి. తర్వాత అద్దం ముందు కూర్చుని, చంటిపిల్లలా ఒక్కో అక్షరమూ మొదటినుంచి పలికింది.

నెలలు నిండాకే పాప, అంటే అమ్మ, పుట్టింది. మాటలు అమ్మమ్మ నోటినుంచే నేర్చుకుంది కాబట్టి, నిక్షేపంలాంటి నాలుక ఉన్నా ‘ర’ను అమ్మమ్మలాగే నమిలి మింగేది. ఓసారి తన పరీక్షకు వెంట తీసుకెళ్తే, ఆ పలుకు విన్న డాక్టరమ్మ కంగారుగా పిల్ల నోరు తెరిపించి చూస్తుంటే, అమ్మమ్మ మురిసిపోయింది.

“అంతా నా పోలికే!”