ఎక్స్‌రేలో కనబడని ముక్క

మాది మణుగూరు. మా ఆయన బొగ్గు గనిలో డంపర్ డ్రైవర్. నడుములో డిస్కు అరిగిపోతే ఖమ్మంలో ఆపరేషన్ చేయించాం. అరిగిన చోట చిన్న ముక్క పెడితే రెండు ఎముకలూ అతుక్కుంటాయని డాక్టర్ చెప్పారు.

ఆరు నెలలకు మళ్లీ చూపించడానికి వెళ్లాం. ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, అప్పుడే తీసిచ్చిన ఎక్స్‌రేను వెలుతురులో పెట్టి చూశాను. స్క్రూలు ఉన్నాయి గానీ, ముక్క పెట్టిన చోట ఖాళీ కనబడింది. నేరుగా డాక్టర్ గదిలోకి వెళ్లి, "ముక్క పెట్టనే లేదు! గిట్ల మోసం చేస్తరా?" అని అందరి ముందూ అరిచాను.

వెనకనుంచి మా ఆయన వచ్చి నా చెయ్యి లాగారు. "ఏందే, గట్ల ఒర్రుతవ్? సార్ చెప్పేది జర ఇను."

డాక్టర్ కోప్పడకుండా, ఎక్స్‌రేలో చిన్న చుక్కలు చూపించారు. "అది గట్టి ప్లాస్టిక్ లాంటిదమ్మా, ఎక్స్‌రేలో కనబడదు. ఈ చుక్కలే దాని గుర్తులు. ఎముక మంచిగ అతుక్కుంటున్నది" అన్నారు.

నేను సిగ్గుతో తల దించుకున్నాను. అంతలో మా ఆయన మెల్లగా, "అవ్ గానీ, బెంచీ మీదనుంచి నన్నెవరు లేపిండ్రే?" అన్నారు.

ఎవరూ లేపలేదు. ఆపరేషన్ అయినప్పటినుంచి, నా భుజం పట్టుకోకుండా లేవాలంటే ఆయనకు భయం; ఒక్కసారీ అలా లేవలేదు.

డాక్టర్‌ని క్షమించమని అడిగాను. ఆ అరుపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అరవకపోతే మాత్రం, తను లేవగలనని ఆయనకు ఎప్పటికి తెలిసేదో!