సూది మందు కాగితం మీద బహమన్ ఎనిమిది

హైదరాబాదు ఉపాధ్యాయ మహాసభల ఆహ్వానం మా రబ్బరు తోటకు చేరినప్పుడు మా దొర దాన్ని రెండుసార్లు చదివాడు. "వెళ్ళు. కానీ జనవరి మొదటి సోమవారం బడి తలుపు నువ్వే తియ్యాలి. ఆ పొద్దు నువ్వు లేకపోతే ఆ షెడ్డు నాకు రబ్బరు షీట్లు ఆరబెట్టుకోవడానికి కావాలి" అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నా మాట మాటే. మలయాలో మా తోట మొత్తానికి తెలుగు చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. షెడ్డు పోతే నలభై రెండు మంది పిల్లలు పలకలు పారేసి, తల్లుల వెంట రబ్బరు పాలు గీసే కత్తులు పట్టుకుని తోటలోకి వెళ్ళవలసిందే. అయినా వెళ్ళాను. తెలుగు గడ్డ మీద కాలు పెట్టకుండానే తెలుగు పంతులమ్మనని చెప్పుకోవడం నాకు ఎప్పటినుంచో సిగ్గుగా ఉండేది. ఈసారి సభలకు వెళ్ళాలనుకునేవాళ్ళు నన్ను వివరాలు అడుగుతున్నారు కాబట్టి, నా బుద్ధితక్కువతో సహా అంతా ఇక్కడ రాస్తున్నాను.

పినాంగులో ఓడెక్కితే మద్రాసుకు ఇంచుమించు వారం. అక్కడినుంచి హైదరాబాదుకు ఒక పగలూ ఒక రాత్రీ రైలు. నాంపల్లి స్టేషనులో దిగగానే సభవాళ్ళు గుర్తుపట్టి, విదేశాలనుంచి వచ్చినవాళ్ళను ఇళ్ళలో దించుతారు. నన్ను లాల్‌దర్వాజాలో, మహంకాళి గుడికి నాలుగిళ్ళ అవతల, నర్సింగరావు గారింట్లో దించారు. ఆయన రికార్డుల ఆఫీసులో గుమాస్తా. మనిషి మంచివాడు, ప్రతి కాగితాన్నీ కళ్ళకద్దుకున్నట్టు చదువుతాడు. ఊళ్ళో రూపాయలు రెండు రకాలు: పాత నైజాం హాలీ సిక్కా, ఇండియా కల్దారు. బేరం ముందే ఏ రూపాయో అడిగి రిక్షా ఎక్కండి. లాల్‌దర్వాజా నుంచి శాలిబండకు రిక్షా నాలుగణాలు, సభల దగ్గరకు బస్సు ఇంకా చవక. ఈ రెండు రూపాయల సంగతి రెండో రోజుకే పట్టేశానని నేను ఎంత మురిసిపోయానో! అదే ఊళ్ళో తేదీలు కూడా రెండు రకాలని మాత్రం నాకు తట్టలేదు.

ముఖ్యమైనది చెబుతాను. ఓడెక్కాలంటే కలరా సూది వేయించుకున్నట్టు పసుపు రంగు చిన్న పుస్తకంలో డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. అది ఆరు నెలలే చెల్లుతుంది, సూది పడిన ఆరో రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. నా పాతదానికి సభల మధ్యలోనే ఆరు నెలలు నిండుతాయి. అందుకని దిగిన మర్నాడే, ఒక బుధవారం, నర్సింగరావు గారు నన్ను శాలిబండలోని ఒక ముసలి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి సూది వేయించి, కొత్త పుస్తకం రాయించారు. ఇంటికొచ్చాక పుస్తకం ఆయనే తెరిచి చూసి, "సంతకమున్నది, మొహరున్నది, తారీకున్నది. ఇగ ఫికర్ లేదు టీచరమ్మా" అన్నారు. నేను విప్పికూడా చూడకుండా పెట్టెలో పెట్టేశాను.

సభలు బాగా జరిగాయి. వాటి సంగతి వేరే చెప్పుకోవచ్చు. నా ప్రయాణం శుక్రవారం సాయంత్రం ఐదు గంటల బండికి. ఆదివారం పొద్దున మద్రాసులో ఓడ. అది తప్పితే రెండు వారాల దాకా మరొకటి లేదు, దొర చెప్పిన సోమవారం గడిచిపోతుంది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు కొట్టే వేళకు పెట్టె సర్దుతుంటే, రంగూను నుంచి వచ్చిన అప్పలనాయుడు గారు సెలవు తీసుకోవడానికి వచ్చారు. పక్క సందులో దిగిన పెద్దమనిషి. మాటల్లో నా పసుపు పుస్తకం తీసి, కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"టీచరుగారూ, తమరు ఈ సూది వేయించుకుని ఆరువందల ఏళ్ళయిందండీ?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పుస్తకం నా ముందుకు తోశారు. ఇంగ్లీషు అక్షరాల్లోనే, గుండ్రంగా, అందంగా రాసి ఉంది: బహమన్ ఎనిమిది, పదమూడు వందల అరవై ఒకటి.

నర్సింగరావు గారు వంగి చూశారు. "గిదేందీ, సరిగ్గనే ఉన్నది గద! బహమన్ ఎనిమిది. పోయిన వారం బుధవారమే. ఫస్లీ తారీకు." ఇంకో క్షణానికి ఆయన మొహం పాలిపోయింది. "అయ్యో... గిది మద్రాసుల ఎవరికి తెలుస్తది?"

నైజాం కాలమంతా ఆ రాజ్యంలో లెక్కలన్నీ ఫస్లీ సంవత్సరంలోనే, బహమన్ అందులో ఒక నెల. ఇంగ్లీషు తేదీలు రాయమని ప్రభుత్వం చెప్పి ఎన్నాళ్ళో కాలేదు. డాక్టరు అలవాటుగా రాశాడు, గుమాస్తా అలవాటుగా చదివాడు. మరి నాకేం రోగం? రోజూ పొద్దున నలభై రెండు మందిని నిలబెట్టి, "పలక మీద ముందు తేదీ, ఆ తర్వాతే ఓనమాలు" అని గొంతు చించుకునేదాన్ని, నా కాగితం మీద తేదీ చదవలేదు. నన్ను నేనే రెండు చెంపలూ వాయించుకోవాలనిపించింది. మళ్ళీ సూది వేయించుకుందామంటే ఈ రోజునుంచి ఆరు రోజులు ఆగాలి. ఆదివారం ఓడెక్కనివ్వరు.

నర్సింగరావు గారు నా పెట్టె తాను నాంపల్లికి చేరుస్తానన్నారు. డాక్టరు చేత తేదీ దిద్దించుకుందామని నేను సందు చివర రిక్షా ఎక్కాను. తొక్కేవాడి పేరు మల్లేశం, నడివయసు మనిషి. శాలిబండ ఎత్తు ఎక్కుతుంటే దిగి రిక్షా తోస్తూ, "మెల్లగ కూసో అమ్మా, ఊగితే చక్రం తిరగదు" అన్నాడు. దవాఖానా ముందు దిగేసరికి పన్నెండున్నర. తలుపుకు ఇత్తడి తాళం. పక్క చాయ్ హోటలతను కప్పులు కడుగుతూ తల కూడా ఎత్తలేదు.

"జుమ్మా హై అమ్మా. డాక్టర్ సాబ్ నమాజుకు పోయిండు. అటెంక గిటు రాడు."

"ఎప్పుడొస్తారు?"

"ఆరు గంటలకు తెరుస్తడు."

ఐదుకు నా బండి. ఆ అరుగు మీదే కూలబడ్డాను. అతనికి జాలేసిందో ఏమో, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ప్రతి జుమ్మాకు నమాజు కాంగనే ఛత్రినాకల ఒక పాలోళ్ళ ముసలమ్మను చూడనీకి పోతడు. నీకంత జల్దీ ఉంటె ఆడ పట్టుకో" అన్నాడు.

ఛత్రినాకలో పాలవాళ్ళ ఇల్లేది అని అడగడమంటే మా తోటలో రబ్బరు చెట్టేది అని అడగడమే. ఎక్కడ చూసినా బర్రెలే, ఎక్కడ చూసినా పేడే. మల్లేశం ప్రతి గుమ్మం ముందూ గంట కొట్టి, "డాక్టర్ సాబ్ వచ్చేది మీ ఇంటికేనా?" అని అరిచేవాడు. ఒకామె కుడివైపు అంది, ఒకాయన మురుగునీటి నాలా దాటమన్నాడు, ఇంకొకాయన ముందు నా ఊరేదో చెబితే గానీ దారి చెప్పనన్నాడు. నేను ఊరికే కసిరేశాను. చెమటకు నా సభల బ్యాడ్జి మీది సిరా చీర మీదికి దిగింది. రెండున్నరకు దొరికింది ఇల్లు. డాక్టరు ఇంకా రాలేదు.

నులకమంచం మీద ఆయాసపడుతూ కూర్చున్న యాదమ్మ అనే ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "కూసో బిడ్డా. ఆయన నమాజైనంక అందరిని అర్సుకుంట వస్తడు. నువ్వు ఉరికినంత మాత్రాన ఆయన ఉరుకడు."

ఆమె ఇచ్చిన మజ్జిగ తాగుతూ గుమ్మం వైపే చూస్తున్నాను. మూడు గంటలకు వచ్చాడాయన. తెల్ల షేర్వానీ, చేతిలో తోలు సంచి. నేను లేచి పుస్తకం చాపితే చేత్తోనే ఆగమని, ముందు యాదమ్మ నాడి చూసి, వీపు మీద గొట్టం పెట్టి విని, నిన్న రాత్రి ఏం తిన్నావని అడిగి, ఊరగాయ తిన్నందుకు తిట్టి, అప్పుడు నావైపు తిరిగాడు. ఆయన్ని గుంజుకుపోవాలని ఉంది నాకు, నోరు మూసుకుని నిలబడ్డాను.

చదివాడు. "దీంట్ల తప్పేమున్నది బీబీ?"

"సంవత్సరం డాక్టరుగారూ! ఓడ దగ్గర ఇది ఎవరూ ఒప్పుకోరు. నన్ను దించేస్తారు. నేను వెళ్ళకపోతే నా బడి మూసేస్తారు." చెప్పేటప్పుడు ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను. "దీని మీదే కొట్టేసి ఇంగ్లీషు తేదీ రాసివ్వండి, చాలు."

ఆయన పుస్తకం కింది అచ్చు మీద వేలు పెట్టి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "కొట్టేస్తే ఇది చెల్లదు. కొట్టివేత ఉంటె దొంగ కాగితమంటరు, కింద గదే రాసున్నది. కొత్త పుస్తకం రాయాలె. రిజిస్టరుల నీ పేరున్నది, సూది పడ్డ దినమే రాస్త. లేని తారీకు మాత్రం రాయ." అంతలో ఆగాడు. "బహమన్ ఎనిమిది ఇంగ్లీషుల ఎంతైతది? నేను వేళ్ళ మీద లెక్కబెట్టి ఒక దినం తప్పితే మల్ల గదే లొల్లి."

యాదమ్మ మంచం మీదినుంచే గోడవైపు చెయ్యి చాపింది. "గా క్యాలెండరు తియ్యి. రెండు తీర్ల తారీకులు ఉంటయి. మా బర్రె ఈనిన దినం బొగ్గుతోని గీత పెట్టిన, అది జూసి లెక్కబెట్టుకో."

ఆ క్యాలెండరులో బహమన్ ఎనిమిది పక్కనే చిన్న అంకెల్లో డిసెంబరు పన్నెండు అని ఉంది. బర్రె ఈనింది దానికి రెండు రోజుల ముందట. ఆ బర్రెకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

డాక్టరును రిక్షాలో నా పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ శాలిబండకు. ఇద్దరి బరువుతో మల్లేశం రొప్పుతున్నాడు. ఎత్తు దగ్గర నేను దిగి వెనకనుంచి తోశాను. సభలకు వచ్చిన విదేశీ ప్రతినిధి రిక్షా తోస్తుంటే వీధంతా నిలబడి చూసింది. చూడనీ! తాళం తీసేసరికి పావుతక్కువ నాలుగు. డాక్టరు సొరుగు లాగి, కాగితాలు కదిపి, ఒక పసుపు పుస్తకం పైకి తీశాడు.

"ఇది ఒక్కటే మిగిలింది."

కలం సిరాలో ముంచాడు. నా పేరు రాశాడు, ఊరు రాశాడు. తేదీ దగ్గరకు వచ్చేసరికి ఆయన కలం ఆగకుండా గుండ్రంగా వంపు తిరగబోయింది. అది డిసెంబరు 'డి' కాదు, బహమన్ 'బి'. నేను ఏం చేస్తున్నానో తెలియకముందే ఆయన మణికట్టు పట్టుకున్నాను. పరాయి మగవాడి చెయ్యి, అంత పెద్దాయన చెయ్యి! కలం కాగితానికి వెంట్రుకవాసి పైన ఆగింది. ఒక్క చుక్క రాలినా అయిపోయేది.

ఆయనే మెల్లగా కలం పక్కకు తీసి, గుడ్డకు తుడిచాడు.

"నలభై ఏండ్లు రాసిన చెయ్యి బీబీ. రాజ్యం మారింది, పైస మారుతున్నది. దీనికి చెప్తె వింటలేదు." కలం మళ్ళీ సిరాలో ముంచాడు. "నువ్వు టీచరువు గద. చెప్పు, నేను రాస్త."

నేను ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టే ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను. ఆయన ఒక్కో అక్షరం నోటితో పలుకుతూ రాశాడు. డిసెంబరు పన్నెండు, పంతొమ్మిది వందల యాభై ఒకటి. ముద్ర కొట్టి, ఊది, ఆరబెట్టి నా చేతికిచ్చాడు. పాత పుస్తకం చింపబోతే వద్దని, గుర్తుగా ఉంచుకుంటానని అడిగి తీసుకున్నాను. రుసుము అడిగితే, "నా తప్పుకు నువ్విచ్చేదేంది? పో, బండి అందుకో" అని కసిరాడు.

శాలిబండ నుంచి చార్మినారు, నయాపూల్ దాటి నాంపల్లికి రిక్షాలో ముప్పావు గంట అనుకోండి. మాకు చార్మినారు దగ్గర నమాజు జనం పోయి సంత జనం తగులుకున్నారు. మల్లేశం "జర్ర జరుగు భాయ్! ఓడ పోతది!" అని అరుస్తుంటే, ఈ ఊళ్ళో ఓడేమిటని జనం తిరిగి చూసి దారిచ్చారు. స్టేషనులో నర్సింగరావు గారు నా పెట్టె లోపలికెక్కించి, ఒక కాలు బండి మెట్టు మీద, ఒక కాలు ప్లాట్‌ఫారం మీద వేసి, బండి కాస్త ఆపమని గార్డుతో తగువు పడుతున్నారు. నేను ఎక్కాక కూడా ఆయన నా మొహంలోకి చూడలేదు. "నేనే సదివిన టీచరమ్మా, నేనే మంచిగున్నదన్న" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు. కిటికీలోనుంచి ఆయన చెయ్యి పట్టుకుని, "మీకది తప్పు కాదు కదండీ" అన్నాను. బండి కదిలింది.

మద్రాసు రేవులో డాక్టరు నా పుస్తకం చూసింది అరనిమిషం కూడా కాదు. తేదీ మీద వేలు పెట్టి, మనసులో రోజులు లెక్కపెట్టుకుని, ముద్ర వేసి తరువాతి మనిషిని పిలిచాడు. అంత పరుగు ఆ అరనిమిషం కోసం. ఓడ మీద ఆ వారమంతా నాకు నర్సింగరావు గారి మొహం, శాలిబండ డాక్టరు చెయ్యి గుర్తుకొస్తూనే ఉన్నాయి. ఎవరి ఊరి తేదీ వాళ్ళకు ఎంత నిజమో! వాళ్ళు నన్ను మోసం చెయ్యలేదు, నిర్లక్ష్యమూ చెయ్యలేదు. వాళ్ళు చూసినంతవరకూ అది సరిగ్గానే ఉంది. కాబట్టి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: అక్కడ మీ చేతికి వచ్చిన ప్రతి కాగితం మీద తేదీ ఆ గుమ్మంలోనే నిలబడి చదవండి, తర్వాత మీలాగే బయటి దేశంనుంచి వచ్చినవాళ్ళ చేత కూడా చదివించండి.

జనవరి మొదటి సోమవారం పొద్దున షెడ్డు దగ్గరకు వెళ్ళేసరికి దొర తాళంచెవి పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. మెట్ల మీద నలభై రెండు మందీ ఉన్నారు. నేనే తాళం తీసి లోపలికెళితే, నల్లబల్ల మీద నేను వెళ్ళిన రోజు రాసిన తేదీ అలాగే ఉంది. సెలవుల్లో ఊడ్చేవాళ్ళు తుడవబోతే పిల్లలు తుడవనివ్వలేదట, టీచరు వచ్చి మారుస్తుందని. నేను గుడ్డ తీసుకుని ఆ తేదీ తుడిచి, ఆ రోజు తేదీ రాసి, అందరినీ పలకలు తియ్యమన్నాను.