ఎర్రన్న గుమ్మం

"నీల్లు బాగున్నాయని కాయితం అంటించినోలూ మీరే, ఇప్పుడు ఆస్పత్రిలో ఉంచమన్నోలూ మీరే. ఏ మాట నమ్మాలో మీరే సెప్పండమ్మా."

అమ్మాయిల హాస్టలు గేటు దగ్గర జోగయ్య నిలదీస్తున్నాడు. కూతురి పెట్టె పట్టుకుపోవడానికి వచ్చాడు. డాక్టరు పంపొద్దన్నాడని వార్డెన్ చరిత, డాక్టర్లు పంపొద్దనక ఏమంటారని అతను. వెనకాల ఆటోలో విశాలి తల వాల్చేసి ఉంది. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

"ఎర్రన్న కాడికి తీసుకెల్తన్నాను. పసరు పోస్తే దిగిపోద్ది. ఎవులాపుతారో సూస్తాను" అనేసి జోగయ్య పెట్టె ఆటోలో పడేశాడు.

నీళ్ళ ట్యాంకు చాటునుంచి జగదీశ్వరి అంతా వింది. ఎదురెళ్ళలేదు. ఆ కాగితం మీద సంతకం ఆమెదే.

ఆమె ఇన్‌ఛార్జి వీసీ. అసలు వీసీ వచ్చేదాకా కుర్చీకి కాపలా అని స్టాఫ్ రూములో నవ్వుకుంటారు. శృంగవరపుకోట అవతల వరీ చోడీ పండించే ఇంట్లో పుట్టింది. బస్సులో వేలాడుతూ కాలేజీకెళ్ళింది. జువాలజీ పంతులమ్మ అయింది. ఎవరితోనూ తగాదా పడకుండా ఇంతదాకా నెట్టుకొచ్చింది. అందరూ దాన్ని మంచితనం అన్నారు. కాదు, భయం.

హాస్టళ్ళలో కామెర్లు మొదలైనప్పుడు నీళ్ళ పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా 'తాగునీరు సురక్షితం, వదంతులు నమ్మవద్దు' అని ఆఫీసువాళ్ళు సర్క్యులర్ రాసి తెచ్చారు. పేపరువాళ్ళు గేటు దగ్గరున్నారు, పెట్టెయ్యండి మేడమ్ అన్నారు. పెట్టేసింది. ఆ తర్వాత తెలిసింది, పగిలిన మురుగు పైపు నీళ్ళు ట్యాంకులోకి వస్తున్నాయని.

నిన్న అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి తినే మెస్సులో పిల్లల ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. నీళ్ళు చెడ్డవి, చూడకుండా సంతకం పెట్టింది నేనే, ఒంట్లో బాగోనివాళ్ళు ఆస్పత్రి వదలకండి అని బతిమాలింది. వెనక బల్ల మీంచి ఒక కుర్రాడు, "ఇప్పుడు సెప్తన్నారేటి మేడమ్" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు. పొద్దున్నకి ఆస్పత్రి మంచాలు సగం ఖాళీ.

మిగతా పిల్లల్లో చాలామందికి తగ్గిపోతుంది గానీ ఎవరికి ముదురుతుందో చెప్పలేమన్నాడు డాక్టరు. విశాలికి ఇప్పటికే ముదిరింది. రక్తం గడ్డకట్టడం లేదు, మాట తడబడుతోంది. ఈ పిల్లకి పసరూ పథ్యమూ అంటూ రోజులు పోతే దక్కదన్నాడు.

ఆటో కదిలాక చరిత పరుగెత్తుకొచ్చి పోలీసులకి చెబుదామంది. జగదీశ్వరి వద్దంది. ఒక పిల్లని లాక్కొస్తే మిగతావాళ్ళు చెప్పకుండా పారిపోతారు. తనే కారెక్కింది. ఎర్రన్న ఇంటి దారి ఆమెకి కొత్త కాదు. చిన్నప్పుడు తనకీ కామెర్లొస్తే వాళ్ళమ్మ అక్కడికే తీసుకెళ్ళింది. ఎర్రన్న తండ్రి పసరు పోశాడు, తగ్గింది. ఆ రకం కామెర్లు వాటంతటవే తగ్గుతాయని చదువుకున్నాక తెలిసింది. అమ్మకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

పసరు పొయ్యడం తెల్లవారగానే, పరగడుపున. అందుకే జనం ముందు రోజే వచ్చి ఎర్రన్న అరుగు మీద పడుకుంటారు. జగదీశ్వరి కారు దిగేసరికి అరుగు నిండా తన పిల్లలే, మెడల్లో యూనివర్సిటీ కార్డులతో. ఒక్కరూ లేచి నిలబడలేదు. ఓ చివర విశాలి తండ్రి ఒళ్ళో తల పెట్టుకుంది. జోగయ్య చూసి ముఖం తిప్పేసుకున్నాడు.

ఎర్రన్న ఆమెని గుర్తుపట్టి చాప వేశాడు. ఆమె ఆ పిల్ల సంగతి చెప్పింది. తన సంతకం సంగతీ దాచలేదు. ముసలాయన విశాలి కళ్ళు విప్పి చూశాడు, గోళ్ళు చూశాడు. అదోలా అయిపోయాడు.

"నాకూ భయంగానే ఉన్నాదమ్మా. గానీ గుమ్మం తొక్కినోలిని ఒట్టి సేతుల్తో పంపకూడదని మా అయ్య మాట తీసుకున్నాడు. పంపితే ఇంక ఈ సెయ్యి మందుకి పనికిరాదు."

జోగయ్య తలెత్తాడు. జగదీశ్వరికి సర్క్యులర్ల భాష ఒక్క ముక్క రాలేదు, పుట్టినూరి మాటే నోటికొచ్చింది.

"మీ అయ్య సేత్తో పసరు తాగినదాన్ని మావా, నీ మాట పోనిస్తానేటి. ఈ పిల్లలు నా మాట ఇనరు, ఇనక్కరలేకుండా నానే సేసుకున్నాను. నీ మాటింటారు. అందుకని ఈ వారం నీ గుమ్మం ఆస్పత్రి వరండాలో పెట్టుకో. పసరు పొయ్యకు. వచ్చినోలి కల్లు సూసి, నీ సేత్తోనే లోపల మందు కాడికి పంపు, ఒట్టి సేతుల్తో పంపినట్టవదు. ముందు విశాలి సెయ్యి పట్టుకుని నువ్వు కారెక్కు మావా. నువ్వెక్కితే జోగయ్య ఎక్కుతాడు."