మెర్సీ అడిగిన సెలవు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో, శామీర్‌పేట దగ్గర మందులు ఎగుమతి చేసే ఒక కంపెనీలో నన్ను స్పానిష్ ట్రైనర్‌గా వేశారు. దక్షిణ అమెరికా కొనుగోలుదార్ల ఫోన్లు ఎత్తేందుకు సొంత సిబ్బందినే తయారుచేయాలన్నది కంపెనీ ఆలోచన. శిక్షణ నెలలో ఒక్క క్లాసు తప్పినా బ్యాచ్ నుంచి పేరు తీసేస్తారు. హాజరు పంపేది నేనే.

ఆ బ్యాచ్‌లో మెర్సీ అని అల్వాల్ అమ్మాయి ఉండేది. ప్యాకింగ్‌లో నిలబడి నిలబడి విసిగి, కూర్చుని చేసే పని కోసం వచ్చింది. చర్చిలో పాటలు పాడిన గొంతు కావడంతో ఉచ్చారణ చక్కగా ఉండేది.

ఆ రోజు పాఠం, 'ఇలా ఉంటే అలా చేసేవాణ్ణి' అని చెప్పే క్రియారూపం. మర్యాదగా ఏదైనా అడగాలన్నా స్పానిష్‌వాళ్లు ఇదే వాడతారని, మనం 'ఇస్తే బాగుండు' అన్నట్టేనని గొప్పగా వివరించాను. తర్వాత నా పాత ప్రశ్న వేశాను: ఒక్క రోజు సెలవు దొరికితే ఏం చేస్తారు? ఒకరు గోవా అన్నారు, ఒకరు నిద్రపోతానన్నారు. మెర్సీ వాళ్ల నాయినను ఆస్పత్రికి తీసుకెళ్తానంది. అయితే 'తోమార్' అనే మాట వాడింది. బస్సెక్కడానికో, మందు వేసుకోవడానికో అది సరిపోతుంది కానీ మనిషిని తీసుకెళ్లడానికి 'యెవార్' అనాలి. మనవాళ్లంతా జారిపడేది ఇక్కడే. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకమని నాకు పేరుండేది. తప్పు లేకుండా వచ్చేదాకా ఆ వాక్యం ఆమెతో పదే పదే చెప్పించి, చివరికి శెభాష్ అన్నాను.

మర్నాడు ఆమె రాలేదు. నియమం ప్రకారం గైర్హాజరు పంపేశాను.

ఆ తర్వాతి రోజు గేటు దగ్గర కనిపించింది. వాళ్ల నాయినకు కాలి మీద షుగరు పుండు. ఇంకో వారం ఆగితే పాదం తీసేయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాడట. మరి నన్ను అడగాల్సింది కదా అని మందలించాను.

"అడిగిన గద సార్," అంది నెమ్మదిగా. "అందరి ముంగటనే అడిగిన. మీరు మాట దిద్దిండ్రు, సెలవియ్యలే."

తప్పు నాదని హెచ్.ఆర్. మేనేజర్‌ను బతిమాలాను. ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలన్నాడు. ఆమె ప్యాకింగ్‌కే తిరిగి వెళ్లింది. క్యాంటీన్‌లో ఎదురైనప్పుడల్లా నమస్తే సార్ అనేది. నేను పళ్లెంలోకి చూస్తూ జవాబిచ్చేవాణ్ణి.

తప్పు కోసమే చెవి పెట్టుకుని కూర్చుంటే మనిషి చెప్పేది వినపడదని అప్పుడు తెలిసింది. తర్వాతి బ్యాచ్‌ల్లోనూ ఆ ప్రశ్న వేశాను. కాకపోతే దిద్దే ముందు, సెలవు నిజంగానే కావాలా అని తెలుగులో అడిగేవాణ్ణి. చాలామంది నవ్వి కాదనేవారు. ఒకరిద్దరు కావాలన్నారు. వాళ్లకు సెలవు కావాల్సిన రోజు క్లాసే వాయిదా వేశాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మెర్సీ అడిగిన రోజు కూడా అక్కర్లేదు.